మూడో పిలుపు

నా చిన్నప్పుడు మా ఊళ్ళో నాకు చెవుడని ఒక మాట ఉండేది. చెవులు బాగానే వినపడేవి. పిలిస్తే పలికేదాన్ని కాదు, అంతే. ఆ ఘనత మా అవ్వది. పొద్దుగూకాక బయటి నుంచి ఎవరు పిలిచినా, మూడోసారి పిలిచేదాకా పలకకూడదని ఆమె నాకు ఉగ్గుపాలతోనే నేర్పింది. దయ్యం మనకు తెలిసిన గొంతుతోనే పిలుస్తుందట. కానీ దానికి రెండుసార్లకు మించి నోరు రాదట. మూడో పిలుపు వచ్చిందంటే మనిషే. మా దేవరకొండ వైపు పల్లెల్లో ఈ సంగతి తెలియని పిల్లలు ఉండేవారు కాదు. మిగతా పిల్లలు చీకటి పడ్డాకే పాటించేవారు. నేను పట్టపగలు కూడా పాటించేదాన్ని. మొండిదానికి ఒక సాకు దొరికితే చాలు కదా.

నాకు తొమ్మిదో ఏడు నడుస్తుండగా అమ్మ జ్వరంతో చనిపోయింది. దినాలు అయిన సాయంత్రం అవ్వ నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "మీ అమ్మ పానమంత నీ మీదనే ఉండె బిడ్డా. ఎప్పుడన్న వచ్చి పిలుస్తదేమో. పలుకకు, తోలుకపోతది" అంది. నన్ను కాపాడుకోవాలనే చెప్పింది పాపం. కానీ ఆ మాటతో నాకు పుట్టింది భయం కాదు, ఆశ. ఆ రోజు నుంచి చీకటిపడే వేళకు గడప దగ్గర కూర్చుని, రెండుసార్లు పిలిచి ఆగిపోయే గొంతు కోసం చెవులు రిక్కించేదాన్ని. పలకాలా వద్దా అన్నది తర్వాత సంగతి. ముందు వినాలి. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. నేను అన్నీ చెప్పుకునేది అమ్మకే.

ఆరు నెలలు తిరగకముందే పెద్దలు కూడబలుక్కుని అమ్మ చెల్లెల్ని మా నాయినకిచ్చి చేశారు. పరాయిది వస్తే పిల్లను చూస్తుందో లేదో అన్నారు. చిన్నమ్మకు అప్పుడు పంతొమ్మిదేళ్ళు. నీకిష్టమేనా అని ఆమెను ఎవరైనా అడిగారో లేదో నాకు తెలియదు. అడిగి ఉండరు. అక్క పొయ్యి, అక్క చీరల పెట్టె, అక్క కూతురు, అన్నీ ఒక్కరోజే ఆమె పాలబడ్డాయి. నాకు తల దువ్వేది, పక్క వేసేది, నేను తిని లేచాకే తను తినేది. నేను మాత్రం ఆమెను ఏమనీ పిలిచేదాన్ని కాదు. ఆమె పిలిస్తే పలికేదాన్నీ కాదు. నా కోపానికి కారణం ఒకటే. ఆమె గొంతు అచ్చం అమ్మ గొంతు. పొయ్యి దగ్గర నుంచి నా పేరు పెట్టి పిలిచినప్పుడల్లా అమ్మే అనుకునేదాన్ని, తిరిగి చూస్తే ఈమె ఉండేది.

ఆ చైత్రంలో ఊరివాళ్ళు పదిహేను మంది దాకా నల్లమలలో లింగమయ్య దగ్గరికి బయలుదేరారు. అమ్మ బతికుండగా మొక్కిన మొక్కు ఒకటి నాయినకు మిగిలిపోయింది. మన్ననూరు దాకా బస్సు, అక్కడి నుంచి నడక. పొద్దు వాలకముందే లోయలోకి దిగి, ఆ రాత్రి అక్కడి జలపాతం నీళ్ళ పక్కన పడుకుని, తెల్లారి తిరిగి రావాలి. ఇప్పుడు జాతర రోజుల్లో జీపులు చాలా లోపలికే పోతున్నాయి, జనం చీమల బారులా ఉంటున్నారు. అప్పుడు కాలిబాట తప్ప ఏమీ లేదు. మగవాళ్ళు బియ్యం, గిన్నెలు నెత్తిన పెట్టుకుని ముందు నడిచారు. ఆడవాళ్ళు వెనక. దారి చూపడానికి ఒక చెంచు తాతను మాట్లాడుకున్నారు. బక్కపలచని మనిషి. "వస్తున్నం లింగమయ్యా" అని మావాళ్ళు అడవి దద్దరిల్లేలా అరుస్తుంటే ఆయన మాత్రం ఎండుటాకు కూడా నలగకుండా నడిచేవాడు.

పైన అడవంతా ఆకు రాల్చి బోసిగా ఉంది. దిగేకొద్దీ చెట్లు మారాయి. ఇద్దరు మనుషులు చేతులు చాచినా అందని మద్దిచెట్లు, కత్తి తగలని వెదురు, వేళ్ళలో వేళ్ళు పెనవేసుకున్న నేరేళ్ళు. మా వైపు గుట్టలూ బండలూ తప్ప చూడనిదాన్ని. మధ్యాహ్నం రెండు గంటలకే అక్కడ సందెవేళలా నీడ పరచుకుంది. రాలిన ఇప్పపూల వాసనకు తల తిరుగుతోంది. అంతమంది మధ్య నడుస్తూ కూడా, నేనొక్కదాన్నే వచ్చినట్టు అనిపించింది నాకు.

ఒక పెద్ద బండ దగ్గర సద్దులు విప్పారు. చిన్నమ్మ జొన్నరొట్టెలో నువ్వులపొడి పెట్టి చుట్టి, నా పేరు పిలిచింది. నేను చెట్టు వైపు చూస్తూ కూర్చున్నాను. "ఇంక ఎన్నిదినాలే గట్ల? అమ్మా అని పిలువరాదు?" అని పక్కింటి పెద్దవ్వ నలుగురిలో అనేసింది. నాకు ముక్కు మీద కోపం. లేచి బండ వెనక్కి, అక్కడి నుంచి ఇంకో బండ వెనక్కి పోయి, వెదురుపొద చాటున మోకాళ్ళలో తల పెట్టుకుని కూర్చున్నాను. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. వాళ్ళు లేచి నడిచారు. నేను నాయినతో ఉన్నానని ఆడవాళ్ళు, ఆడవాళ్ళతో ఉన్నానని మగవాళ్ళు అనుకున్నారు.

మాటలు సద్దుమణిగిపోయాయి. అప్పుడు చెట్ల వెనక నుంచి ఎవరో నా పేరు పిలిచారు. అది అమ్మ గొంతు.

మోకాళ్ళలోంచి తలెత్తాను. కొంచెంసేపటికి మళ్ళీ పిలిచింది. ఈసారి దగ్గరగా. మూడో పిలుపు కోసం చూశాను. రాలేదు. చాలాసేపటికి కూడా రాలేదు. అడవిలో ఒక పిట్ట అరిచి ఊరుకుంది.

అప్పుడర్థమైంది నాకు. రెండుసార్లు పిలిచి ఆగిందంటే అమ్మే. అన్ని నెలలు గడపలో కూర్చుని ఎదురుచూసిన పిలుపు వస్తే, నేను భయపడి నోరు మూసుకుని కూర్చున్నాను. పొదలోంచి లేచి ఆ గొంతు వచ్చిన వైపు పరిగెత్తాను. బాట లేదు. ఎటు చూసినా ఒకేలాంటి మొదళ్ళు. నేను ఏడ్చింది తప్పిపోయినందుకు కాదు. అమ్మ ఇంతదూరం వచ్చి పిలిస్తే పలకలేదే అని. అంత ఏడుపు అమ్మ పోయిన రోజున కూడా ఏడవలేదు. ఏడ్చి ఏడ్చి గొంతు పోయి, ఒక మద్దిచెట్టు వేళ్ళ మధ్య ముడుచుకుపోయాను.

కాసేపటికి "ఓ బిడ్డా" అని ఎవరిదో ముసలి గొంతు వినిపించింది. తొంగిచూశాను. చెంచు తాత. నన్ను వెతుకుతున్నట్టే లేడు. దూరంగా ఒక రాయి మీద అటు తిరిగి కూర్చుని, చుట్ట ముట్టించుకుంటున్నాడు. నేను పలకలేదు. ఆయనకేమీ తొందర లేదు. చుట్ట సగం కాలాక మళ్ళీ "ఓ బిడ్డా" అన్నాడు. మళ్ళీ ఊరుకున్నాడు. ఈయన కూడా పోతాడు అనుకున్నాను. చుట్ట మొత్తం అయిపోయింది. రాయికి రుద్ది ఆర్పి, లేవకుండానే, మొదటిసారి పిలిచినంత మెల్లగా మూడోసారి పిలిచాడు.

"ఆ" అన్నాను.

ఆయన వచ్చి నా పక్కన కూలబడ్డాడు. "మీ ఊర్లోళ్ళు మూడోదానికి గాని పలుకరని నాకెరుకే. ఇయ్యాలటిదా ఏంది మీతోని నా తిరుగుడు" అన్నాడు. ఎక్కిళ్ళ మధ్య నేను, అమ్మ వచ్చిందని, రెండుసార్లు పిలిచి వెళ్ళిపోయిందని చెప్పాను. ఆయన నవ్వలేదు. దయ్యమనీ అనలేదు.

"పిలిచింది మీ చిన్నమ్మ. నేను ఇన్న. ఇటుదిక్కు లేవనుకొని కిందికి ఉరికింది" అని, మళ్ళీ తనే అన్నాడు. "నా పెండ్లాం ఈ లోయల్నే మట్టైంది బిడ్డా. ఇరవై ఏండ్లాయె. రోజు గీ తొవ్వలనే తిరుగుత. ఒక్కపారి గూడ పిలువలే. సచ్చినోళ్ళు పిలువరు. పిలిచేది బతికున్నోళ్ళే. వాళ్ళు గూడ అలిసిపోతరు గద."

తొమ్మిదేళ్ళ పిల్లకు ఇలా ఎవరు చెబుతారు? అమ్మ రాదని మా ఇంట్లో ఎవరూ నాతో అనలేదు. దేవుడి దగ్గరికి పోయిందన్నారు, చుక్కైందన్నారు, వచ్చి పిలుస్తుందన్నారు. రాదని చెప్పింది ఆయనొక్కడే. చెప్పి, నేను మళ్ళీ ఏడ్చినంతసేపూ పక్కనే కూర్చున్నాడు.

తర్వాత నా చెయ్యి పట్టుకుని కిందికి దింపాడు. నీళ్ళ చప్పుడు వినిపించే చోట ఆగాడు. కింద చెట్ల సందుల్లోంచి మావాళ్ళు కనబడుతున్నారు. మగవాళ్ళు తలో దిక్కున నా కోసం కేకలు వేస్తున్నారు. చిన్నమ్మ ఒక్కతే బాట మీద, కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుని ఉంది. నేనిక్కడున్నానని తాత ఒక్క కేక వేస్తే సరిపోయేది. వేయలేదు. "ఇప్పుడు నువ్వు పిలువు" అన్నాడు.

ఏమని పిలవాలి? అప్పటిదాకా ఆమెకు నా నోట ఒక పిలుపే లేదు. తాత నన్ను తొందరపెట్టలేదు. చివరికి "చిన్నమ్మా" అన్నాను. అరిచాననుకున్నాను కానీ గొంతు పోయి ఉంది, పక్కనున్న తాతకైనా వినబడిందో లేదో. ఆమెకు వినబడింది. ఆమెది కూడా మా వైపు పల్లే. మూడు పిలుపుల సంగతి ఆమెకూ తెలుసు. కానీ మొదటి పిలుపుకే "ఓ బిడ్డా" అంటూ, పడుతూ లేస్తూ రాళ్ళ మీదుగా పైకి వచ్చేసింది.

ఆ సాయంత్రం నీళ్ళ పక్కన బండ మీద కూర్చోబెట్టి, జుట్టులో చిక్కుకున్న ఆకులు తీసి జడ వేసింది. వెనక నుంచి, నా మొహం కనబడకుండా, తనలో తను అనుకుంటున్నట్టు చెప్పింది. "రెండుసార్లు పిలిచిన. మూడోపారి పిలుద్దామంటె భయమైంది. దానికి గూడ పలుకకపోతివంటె నాకింకెవ్వరున్నరు?"

నా ఒంటరితనం ఒక్కటే ఇంట్లో ఉందనుకున్నాను అన్నాళ్ళూ. పక్కనే ఇంకొకటి వండిపెడుతూ, తల దువ్వుతూ తిరుగుతోందని ఆ మాటతో తెలిసింది. తల వెనక్కి వాల్చి ఆమెకు ఆనుకున్నాను. చీకటి పడ్డాక అందరూ మంట చుట్టూ నిద్రపోయారు. ఒడ్డున చెంచు తాత ఒక్కడే చాలాసేపు కూర్చుని ఉండడం చూశాను. తెల్లారి మమ్మల్ని పైదాకా తెచ్చి దిగబెట్టి వెనక్కి తిరిగాడు. ఆయన పేరు కూడా అడగలేదు మేము.

పెద్దయ్యాక పంతులమ్మనయ్యాను. కేతేపల్లి, కట్టంగూర్, రామన్నపేట అని ఎన్నో బడులు తిరిగాను. హాజరు వేసేటప్పుడు ఏ పేరైనా మూడుసార్లు పిలవందే రానట్టు రాసేదాన్ని కాదు. తోటివాళ్ళు నవ్వేవారు, నా తరగతిలో హాజరు అయ్యేసరికి పొద్దుగూకుతుందని. నవ్వనీ. మూడో పిలుపుకు మాత్రమే తలెత్తే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఒకరిద్దరు ఉంటారు. వాళ్ళు ఎక్కడ కూర్చుంటారో కూడా నాకు తెలుసు.

పోయిన చలికాలం చిన్నమ్మ జబ్బుపడింది. నాయిన పోయి చాలా ఏళ్ళయింది. ఆమెకు పిల్లలు పుట్టలేదు. మేమిద్దరమే ఒకరికొకరం. దవాఖానలో పన్నెండు రోజులున్నాం. చివరి మూడు రోజులు కళ్ళు తెరవలేదు, కానీ చెవి దగ్గర పిలిస్తే వేలు కదిపేది. పదమూడో రోజు పొద్దున డాక్టరమ్మ వచ్చి నాడి చూసి, నా వైపు తిరిగి ఏదో చెప్పబోయింది. ఒక్క నిమిషం ఆగమని చెయ్యి చూపించాను. వంగి, "చిన్నమ్మా" అన్నాను. ఆగాను. రెండోసారి పిలిచాను. చెంచు తాత ఆగినంతసేపు ఆగాను. మూడోసారి పిలిచాను.

పలకలేదు.

మూడు తర్వాత ఏం చేయాలో ఆయన నాకు చెప్పలేదు. నాలుగోసారి పిలిచాను. డాక్టరమ్మ నా భుజం మీద చెయ్యి వేసేదాకా పిలుస్తూనే ఉన్నాను.