చెంచాడు నీళ్ళు

నంద్యాల ఆసుపత్రిలో మా నాయనను బతికించిన సిస్టరమ్మ పోయిన వారం కాలం చేసిందని ఆళ్ళగడ్డ బస్సు దిగినాయన చెప్తే నేను నమ్మలేదు. నమ్మకపోవడం ఆయమ్మ దగ్గర నేర్చుకున్నదే. ఇంకో ఇద్దరినడిగి రూఢి చేసుకున్నాక వాకిట్లో కూలబడి ఏడ్చినాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటేడు నాయన కడుపులో గడ్డ క్యాన్సరని తేలింది. గడ్డతో పాటు కడుపులో సగం తీసేసి, మిగిలింది పేగుకు కుట్టినారు. నెత్తురు చానా పోయిందంట. కడుపులోది కింద సీసాలోకి లాగను ముక్కులో గొట్టం, చేతికి సూది, పైన గాజుసీసాలో ఉప్పునీళ్ళు. నోట్లో మాత్రం చుక్క పోయకూడదని సిస్టరమ్మ కట్టడి. సీసాకు తెల్లపట్టీ అంటించి ఇంకుతో గీతలు గీసేది. ఎంత ఎక్కింది, గొట్టంలో ఎంత వచ్చింది, ఉచ్చ ఎంత పోసినాడు, అన్నీ కొలిచి రాసేది. చీలమండ మీద వేలితో నొక్కి గుంట పడుతుందేమో చూసేది. నీళ్ళు తక్కువైతే ఉచ్చ బందవుతుంది, ఎక్కువైతే ఊపిరితిత్తులు మునుగుతాయి అనేది.

మాకెక్కడి నమ్మకం? మా పల్లెలో సచ్చేవాడి గొంతులో కూడా నీళ్ళు పోస్తారు. ఈమె బతికే మనిషికి వద్దంటాంది. నోరెండగట్టి చంపుతాండారని మా మేనత్త గుసగుస. నాకూ అనుమానమే. ఆయమ్మకు మా మీద అంతకు రెండింతలు. దిండు కింద తడిమేది, తువ్వాల వాసన చూసేది, చెంబు బయట పెట్టించేది. "దప్పిక నోటిదమ్మా, కడుపుది కాదు. నోటి మాట నమ్మగాకు" అనేది.

మూడోనాడు నాయన నా చెయ్యి పట్టుకుని నీళ్ళని సైగ చేసినాడు. పెదాలు పగిలి ఉండినాయి. మనసాగలేదు. తువ్వాల తడిపి నోట్లో పిండినాను, నాలుగైదు సార్లు.

మధ్యాన్నం గొట్టం కింది సీసా కొలిచి సిస్టరమ్మ నిలబడిపోయింది. రావాల్సిన దానికంటే ఎక్కువొచ్చింది.

"ఎవురు తాపినారు?"

నాకు తెలీదన్నాను. పైగా మేనత్త వైపు చూసినాను, పాపిష్టిదాన్ని. ఆయమ్మ అరవలేదు. లోపలి కుట్లు ఇంకా అతకలేదని, విడిపోతే మనిషి దక్కడని మెల్లిగా చెప్పి, తన డ్యూటీ అయిపోయినా స్టూలేసుకుని కూచునింది. రెండు రోజులు నాయన కడుపు రాయిలాగా ఉండింది.

కడుపు మెత్తబడినాక ఒక పొద్దున లోటా, చెంచా తెచ్చింది. మేనత్తను దాటుకుని వచ్చి నా చేతిలోనే పెట్టింది.

"ఈసారి నా ముందర తాపు."

అంటే ఆయమ్మకు తెలుసు. తాపబోతే సగం నీళ్ళు నాయన గడ్డం మీద పడినాయి. ఒలికింది తీసేసి అరచెంచా అని రాసుకునింది.

తర్వాత నంద్యాల పోయినప్పుడల్లా ఆయమ్మ ముందర తప్పు ఒప్పుకుందామనుకుంటి. నోరు రాలేదు. ఇప్పుడు మీ ముందర చెప్పుకుంటాండా.

నిన్న నాయనకు సంగతి చెప్పినాను. కొంచేపటికి చెంబెత్తి పెదాల దాకా తెచ్చుకుని, ఆసుపత్రి నాటి నుంచి అలవాటైన మాదిరే వాకిలి దిక్కు చూసినాడు. ఎవురూ రాలేదు. చానాసేపు అట్లే చూసి, అప్పుడు తాగినాడు.