మైదానంలో నా జాగా

మా కోచ్ నన్ను పొగిడిన ప్రతిసారీ నా దగ్గర నుంచి ఏదో ఒకటి పోయేది. ఆ సంగతి అర్థం కావడానికి నాకు మూడు సీజన్లు పట్టింది.

అమెరికన్ ఫుట్‌బాల్ అంటే మా చిలకలగూడలో ఎవరికీ తెలియదు. రెండు కొసలూ మొనదేలిన బంతి, కడ్డీల హెల్మెట్, భుజాల మీద గట్టి ప్యాడ్లు. పేరు ఫుట్‌బాలే గానీ ఆటంతా చేతులతోనూ భుజాలతోనూ. కాలేజీలో నేను రగ్బీ ఆడేవాణ్ని. సికింద్రాబాద్‌లో జీతాలిచ్చి ఒక టీమ్ పెడుతున్నారని తెలిసి సెలక్షన్‌కు వెళ్లాను, తీసుకున్నారు. గల్లీలో వాళ్లు మాత్రం చివరిదాకా నన్ను గోల్‌కీపర్ అనే అనుకున్నారు.

కోచ్‌ది ఆంధ్రా నుంచి వచ్చి మారేడ్‌పల్లిలో స్థిరపడిన కుటుంబం. అరవడు, తిట్టడు. నవ్వుతూ భుజం మీద చెయ్యి వేస్తాడు. మొదటి ఏడాది నన్ను బంతి చంకలో ఇరికించుకుని ఎదుటివాళ్ల మధ్యలోంచి దూసుకెళ్లే పనిలో పెట్టాడు. పడగొట్టడానికి వచ్చేవాడి భుజం ఎటు వంగుతుందో కనిపెట్టి తప్పుకోవడం అప్పుడప్పుడే ఒంటబడుతోంది. ఇంతలో పాసులు అందుకునేవాడికి కాలు విరిగింది. కోచ్ వచ్చి చెయ్యి వేశాడు. "నువ్వు ఎక్కడైనా సర్దుకుంటావు తమ్ముడూ, నువ్వుంటే నాకు టెన్షన్ లేదు" అన్నాడు. గర్వంగా అనిపించింది. మర్నాటి నుంచి పాసులు అందుకోవడం నేర్చుకున్నాను. అది చేతికి వచ్చేసరికి బంతిని తన్నేవాడు ఉద్యోగం దొరికి మానేశాడు. ఆ పనీ నాకే వచ్చింది.

మూడో సీజన్‌లో సేఫ్టీగా ఆడమన్నాడు. సేఫ్టీ అంటే మనవాళ్లందరి వెనకాల, చివర నిలబడే మనిషి. అతణ్ని దాటితే ఇక అడ్డు లేదు. మొదటి మ్యాచ్‌లోనే నాకు తెలిసిపోయింది, నేను పుట్టింది ఈ జాగా కోసమేనని. అక్కడి నుంచి మైదానమంతా కనబడుతుంది. ఎదుటి టీమ్‌లో పాస్ వేసేవాడి మెడ తిరిగిన తీరు చూసి బంతి కంటే ముందే నేను కదిలేవాణ్ని. ఇంట్లో కళ్లు మూసుకున్నా అదే కనిపించేది. నన్ను ఇక్కడి నుంచి మార్చవద్దని కోచ్‌ను అడిగాను. చూద్దాంలే అన్నాడు. వారం తిరగకముందే సగం ఆట సేఫ్టీగా, మిగతా సగం ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ ఆడించడం మొదలుపెట్టాడు.

ఆ ఏడాదే దేశం జట్టు క్యాంపుకు ఎంపికలు జరిగాయి. బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. వాళ్లలో మా కోచ్ ఒకడు. నడుమ కూర్చున్నాయన నా పొజిషన్ ఏమిటని అడిగాడు. సేఫ్టీ అన్నాను. ఆయన మా మ్యాచ్ వీడియోలు చూశానని, ప్రతి మ్యాచ్‌లో నేను వేరే వేరే చోట్ల ఉన్నానని, సేఫ్టీగా నన్ను తూచడానికి సరిపడా ఆట కనబడలేదని అన్నాడు. అందులో అబద్ధం లేదు. నేను కోచ్ వైపు చూశాను. నన్ను అక్కడా ఇక్కడా తిప్పింది తనేనని ఒక్క మాట చెబితే చాలు. ఆయన ఫోన్ చూసుకుంటున్నాడు.

నన్ను తీసుకోలేదు. బయటికి వచ్చి కిట్ బ్యాగు భుజాన వేసుకుని, ఆటో ఎక్కకుండా ఇంటిదాకా నడిచాను. ఎండకు కాదు, కోపానికి తల కాలిపోయింది. దారిలో ఎవరైనా తగిలితే బాగుండు, కొట్టుకుందాం అన్నట్టుగా ఉన్నాను. ఎవరూ తగల్లేదు.

మా టీమ్‌లో ముందు వరుసలో ఆడే నా దోస్తు, యాప్రాల్ వాడు, కొండలా ఉంటాడు. వాడు ఎంపికయ్యాడు. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి, మా అమ్మ ఇచ్చిన చాయ్ తాగాడు. గ్లాసు కింద పెట్టి అన్నాడు: "నన్ను సుత వేరే జాగాకు పొమ్మన్నడు సార్. నాకు రాదని చెప్పిన. నీకు అన్నీ వస్తయి, గదే నీ తక్లీఫ్."

మా అమ్మకు ఆట తెలియదు. అయినా వంటింట్లోంచే అంది: "అందరి ఖాళీలు నింపినవ్. నీ జాగా ఖాళీ ఉన్నదని ఎవడన్నా చూసిండా?"

ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు.

దోస్తు క్యాంపుకు వెళ్లగానే ముందు వరుసలో ఖాళీ పడింది. తర్వాతి మ్యాచ్ రోజు పొద్దున, డ్రెస్సింగ్ రూములో అందరూ ప్యాడ్లు కట్టుకుంటుంటే కోచ్ నా భుజం మీద చెయ్యి వేశాడు. ముందు వరుసలో ఆడాలన్నాడు. నాకంటే రెండింతల బరువున్నవాళ్లతో ఢీకొనే పని అది. నేను ఆ చెయ్యి తీసేశాను.

"సేఫ్టీగా అయితే ఆడతా సార్. లేకుంటే ఆడ."

ఆయన నవ్వు చెదరలేదు. "టీమ్ కంటే నువ్వు ఎక్కువా?" అని మెల్లగా అడిగాడు.

"టీమ్‌ల నేనెక్కడున్న సార్?" అన్నాను.

బెంచీ మీద కూర్చోబెట్టాడు. ప్యాడ్లన్నీ కట్టుకుని, మట్టి అంటని జెర్సీతో ఆటంతా చూశాను. మావాళ్లు ఓడిపోవాలని కోరుకున్నాను. ఓడలేదు, మంచి తేడాతో గెలిచారు. నేను లేకపోతే కూలిపోతుందని ఆయన నన్ను నమ్మించిన టీమ్, నేను లేకుండా హాయిగా గెలిచింది. అందరూ ఒకరి మీద ఒకరు పడి ఎగురుతుంటే నేను బూట్ల లేసులు విప్పుకుంటూ కూర్చున్నాను. సెలక్షన్ రోజు కంటే ఆ రోజే ఎక్కువ మండింది.

సీజన్ అయిపోగానే పుణె టీమ్‌తో మాట్లాడుకున్నాను. ఒకటే షరతు పెట్టాను: సేఫ్టీ తప్ప ఇంకేదీ ఆడను. అక్కడి కోచ్ వింతగా చూసి, నీకు వేరేవి రావా అని అడిగాడు. రావన్నాను. ఆట మొదలుపెట్టిన తర్వాత నేను ఆడిన అబద్ధం అదొక్కటే. చెప్పినందుకు ఇప్పటికీ సంతోషమే.

మరుసటి ఏడాది పుణె టీమ్‌తో సికింద్రాబాద్ వచ్చాను. అమ్మ మొదటిసారి మైదానానికి వచ్చి, కొంగు నెత్తిన వేసుకుని ఎండలో కూర్చుంది. మూడో భాగంలో మా పాత టీమ్‌వాడు పాస్ వేయబోతూ ఎడమకు చూశాడు, మెడ మాత్రం కుడికి బిగిసింది. నేను ఆ మెడ బిగిసిన వైపే పరిగెత్తాను. గాల్లో ఉండగానే బంతిని లాక్కుని వాళ్ల గీత దాటేదాకా ఆగలేదు. ఆ మ్యాచ్ మేం గెలిచాం.

ఆట అయ్యాక కోచ్ నా దగ్గరికి వచ్చాడు. అదే నవ్వు. "నీకు సేఫ్టీ ఇంత ఇష్టమని నాకు ముందే చెప్పి ఉంటే బాగుండేదయ్యా."

"చెప్పిన సార్. మీరు వినలే."

ఆయన చెయ్యి చాచాడు. అందరూ చూస్తున్నారు కాబట్టి నేనూ చెయ్యి ఇచ్చాను. క్షమించి మాత్రం కాదు. ఆ తర్వాత రెండేళ్లకు నా మోకాలు పోయింది, ఆట ఆగింది. దేశం జట్టు జెర్సీ నా ఒంటి మీదికి రానే లేదు. పెద్ద మనసు చేసుకొమ్మని ఇప్పుడు చాలామంది చెబుతారు. నాకున్నది ఈ మనసే.

అమ్మ ఆ రోజు గేటు దగ్గర నిలబడి ఉంది. బంతి పట్టుకున్నది నేనేనా అని అడిగింది. హెల్మెట్లు పెట్టుకుంటే అందరూ ఒక్క తీరే కనబడుతున్నారట. నేనే అన్నాను. సరే, పా, ఆకలైతలేదా అంది.