అరువిచ్చిన నోరు

కొండల నడుమ జాంగ్సా ఊరి చుట్టుపక్కల, అందరూ మర్యాదగా 'ఆమ్' అని పిలిచే బిధా నోటికి జడవని విలుకాడు లేడు. కొత్త సంవత్సరపు లోసార్ పండుగ పోటీల్లో అవతలి జట్టువాడు విల్లు ఎక్కుపెట్టగానే ఆడవాళ్ల వరుసకు ముందు నిలబడి, ఆడుతూ పాడుతూ వాడి పరువు గంగలో కలిపేది. అంతటి మనిషికి మొగుడు మాత్రం ఆప్ ఖాండు; పేరు ముందు మగవాళ్లకిచ్చే ఆ 'ఆప్' మర్యాదే గాని, ఉత్త మెతకవాడు. ఏళ్ల తరబడి పోటీలకు పోతున్నాడే గాని, ఒక్కసారైనా గురిబల్లకు బాణం తగిలించి నడుముకు రంగుగుడ్డ కట్టించుకున్న పాపాన పోలేదు.

ఈసారి హా అనే లోయ నుంచి ఓ జట్టు ఆడటానికొచ్చింది. పోటీకి ముందు రాత్రి విలుకాడు పెళ్లాం గడప తొక్కకూడదు కదా, మగవాళ్లంతా ముందురోజే వచ్చి ఊరవతల పాకలో పడుకున్నారు. తెల్లారి రావలసిన వాళ్ల ఆడవాళ్లేమో కొండదారి కనుమలో, మంచులో చిక్కుకుపోయారు.

"ఎగతాళి చేసేవాళ్లు లేకపోతే అదేం ఆట? మీ బిధాని మాకు అరువివ్వండి," అన్నాడు వాళ్ల జట్టు పెద్ద ఆప్ ఫుబ్. జాంగ్సా వాళ్లు పగలబడి నవ్వి సరేనన్నారు. ఇంకేముంది, బిధా ఇవాళ సొంత ఊరినే ఏకిపెట్టాలి. మొగుడితో సహా!

ఖాండు ఆవిడను పక్కకు పిలిచాడు. "ఏమే, నన్ను మాత్రం చూసీచూడనట్టు వదిలెయ్యవే. ఈ యేడన్నా గుడ్డ కట్టించుకోవాలని ఉంది."

"చూద్దాంలే, పో!"

పొద్దు వాలేసరికి రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. మిగిలింది ఖాండు వెయ్యాల్సిన రెండు బాణాలే. ఒక్కటి తగిలినా ఆట జాంగ్సాదే. అతని మొహం చూసి బిధా మనసు కరిగిపోయింది. ఏదో మంచు గురించి, మబ్బు గురించి నాలుగు ముక్కలు గొణిగి ఊరుకుంది. ఖాండు కంగారుగా వెనక్కి చూశాడు. బాణం పోయి గోధుమ చేలో పడింది.

"ఏమే, ఒంట్లో బాగాలేదా?"

"నాకేం రోగం? గుండ్రాయిలా ఉన్నాను!"

"మరి తిట్టవేం? నీకేదో అయిందని నా గుండె జారిపోయింది!"

బిధాకు ఒళ్లు మండింది. కొంగు దోపినట్టు నడుం బిగించి గొంతెత్తింది. "కుండలో మిరపకాయ వెయ్యమంటే నేలపాలు చేసే చెయ్యమ్మా! పక్కనున్న పెళ్లాం కనపడదు గానీ పొలం అవతలి బల్ల కనపడుతుందట ఈ గుడ్డి కొంగకు!"

మైదానమంతా గొల్లుమంది. ఖాండు కూడా కిసుక్కున నవ్వాడు. బిగుసుకున్న భుజాలు దిగాయి. తాపీగా తాడు లాగి వదిలాడు. అవతల బల్ల దగ్గరున్న జాంగ్సావాళ్లు చేతులు పైకెత్తి గంతులేశారు.

"తెచ్చుకున్న నోరే మా కొంప ముంచింది!" అని ఆప్ ఫుబ్ తల పట్టుకున్నాడు.

పసుపుపచ్చ గుడ్డ నడుముకు చుట్టించుకుంటూ ఖాండు మెల్లగా అన్నాడు. "రోజూ పొద్దున్నే ఆ తిట్లు వింటేనే గదే, ఇంట్లో అంతా బాగుందని నాకు తెలిసేది."

బిధా అందరి ముందూ భోరున ఏడ్చేసింది.