చారలు తిరిగొచ్చిన రోజు

మా మేనత్త బోధన్‌లో చెరకు రసం తీపిని కాంతితో కొలిచే ల్యాబులో పనిచేసింది. రిటైరయ్యాక క్వాంటం పుస్తకాలు చదువుకుని, వంటింటి గట్టు మీద లేజరు, సన్నని తీగ, క్యాలిక్యులేటర్ల తెరల నుంచి ఊడదీసిన, కాంతిని వడగట్టే పొరలతో ఒక ప్రయోగం మొదలుపెట్టింది. తీగకు రెండు పక్కలా పోయిన కాంతి గోడ మీద చారలు వేస్తుంది. ఎటు నుంచి పోయిందో పొరలతో గుర్తు పెడితే చారలు మాయమవుతాయి. ఇంకో పొరతో ఆ గుర్తు చెరిపేస్తే తిరిగి రావాలి. ఏడాదిగా రాలేదు. ఎవరడిగినా "ఇంకా రాలే, వస్తయి" అని నవ్వేది.

ఒకరోజు రమ్మని ఫోన్ చేస్తే నిజామాబాద్ నుంచి వెళ్లాను. ఆమె కిటికీ మూసి, చివరి పొరను మెల్లగా తిప్పింది. గోడ మీద ఎర్రటి చారలు తేలాయి.

"అత్తా, వచ్చినయ్!" అని అరిచాను.

ఆమె గోడను చూడటం లేదు, నన్నే చూస్తోంది.

"నిన్ననే వచ్చినయ్ బిడ్డా. సూసినప్పుడు నీ మొకం ఎట్లయితదో సూద్దామని పిలిచిన."