కోటకొమ్మలు చూసిన శనివారం

ఈ బుధవారం ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలకు, నేను మిద్దెమీద నీడన పట్టుచీరలు ఆరవేస్తుండగా, పక్కింటి కొత్తకోడలు వచ్చి ఒక చీర అంచు తడిమి చూసి, "ఈ రంపంపళ్ల డిజైనును ఏమంటారవ్వా?" అని అడిగింది. కోటకొమ్మ అన్నాను. ఆ పిల్ల తలూపి వెళ్లిపోయింది. నేను మాత్రం చీర చేతిలో పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాను. పోయినేడు ఉగాదికి ముందు శనివారం మా అక్కా నేనూ పెనుకొండంతా కాలినడకన తిరిగింది ఆ కొమ్మల కోసమే.

మాది నేతకులమే అయినా నాయన అంగడి పెట్టుకున్నాడు కాబట్టి మా ఇంట్లో మగ్గం లేదు. అక్కను ధర్మవరం ఇచ్చారు. అత్త ఆమెను మగ్గం దగ్గర కూర్చోబెట్టి, అంచుకు కోటకొమ్మ ఎట్లా తీయాలో చూపించింది. అక్క సాయంత్రందాకా శ్రద్ధగా చూసి, "కొమ్మకు ఆకులెప్పుడు వేస్తాం అత్తా?" అని అడిగింది. కొమ్మంటే కోటగోడ మీద పళ్లలా నిలబెట్టిన కట్టడమని ఆమెకు తెలియదు. అత్త ఈ సంగతి వీధంతా చెప్పింది. ఆనాటి నుంచి పెళ్లిళ్లలో మా అక్కకు ఆకులమ్మ అనే పేరు స్థిరపడింది. ఎగతాళి చేసినవాళ్లలో ఎవరూ కోటను చూసి ఎరుగరన్నది వేరే సంగతి. అక్క ఆ అంచునే జీవితమంతా నేసింది. చివరికి కంటిడాక్టరు నీటికాసులు, అంటే గ్లకోమా జబ్బు, అన్నాడు. పోయిన చూపు రాదు, ఉన్నది నిలుస్తుందన్న నమ్మకమూ లేదు. అప్పటికే ఆమెకు పక్కలు మూసుకుపోయి, వెదురుగొట్టంలోంచి చూసినట్టు ఎదురుగా ఉన్నదే కనిపించేది. ఫోను చేసి, "అసలు కొమ్మ ఎట్లుంటాదో చూడకుండానే నా కండ్లు పోతాయేమోనే. తోడు రా," అంది.

కొడుకు ఆమెను ధర్మవరంలో రైలెక్కించాడు. నేను హిందూపురం నుంచి ముందే వెళ్లి పెనుకొండలో దింపుకున్నాను. తొందరపడవద్దని ముందే ఒప్పందం. కోటవాకిలి దగ్గర నిలువెత్తు ఆంజనేయుడికి దండం పెట్టుకున్నాం. అక్క స్వామిని పాదాల నుంచి కిరీటందాకా ముక్కలు ముక్కలుగా చూసి, "ఈయన్ని చూసేకే అర్ధదినం పడతాది," అంది. దర్గాలో సాంబ్రాణి పొగ మీదికి తగిలించుకుని, రాయలవారు ఎండాకాలం ఉండేవారని చెప్పే గగనమహలు మెట్ల నీడన కూర్చుని, అక్క తెచ్చిన ఓళిగలు తిన్నాం. కానుగలు చిగురించి వీధులు పచ్చగా ఉన్నాయి. ఎక్కడ గోడ కనిపించినా నేను తలెత్తి చూస్తున్నాను. గోడలున్నాయి గానీ వాటి తలలు బోడిగా ఉన్నాయి.

ఊరి చివర గోడనీడన ఒకామె చింతపండు కొట్టి గింజలు తీస్తోంది. "యాడికి పోతాండారక్కా ఇంత ఎండలో?" అంది.

"కొమ్మలు చూసేకి," అంది అక్క.

"ఏ చెట్టువి? చింతకొమ్మలైతే వేలంలో పోయినాయి."

అక్క ఫక్కున నవ్వి, "నాకు తోడు ఇంకొక ఆకులమ్మ దొరికింది చూడే," అంది. నేను చేతులతో గాలిలో గీసి చూపించాను.

"ఓ, అవా! మేము కోటపండ్లు అంటాం. అన్నీ ఊడిపోయినాయి. ఆ మూలన రెండు మిగిలినాయి, మా అత్త నోట్లో ఉన్నట్ల."

ఆ మూలకు వెళ్లాం. నేను అక్క గడ్డం పట్టుకుని తల మెల్లగా ఎత్తి తిప్పాను. "ఆకాశమే కనపడతాండాది. ఇంకొంచెం... కాకి. కాకి కింద..." అని ఆగిపోయింది.

"ఏమే, పైన గుండ్రంగా ఉండాదే! మనది సూదిగా కదా నేస్తాం."

"అయితే ఇన్నాళ్లూ తప్పు నేసినావన్నమాట," అన్నాను. మాట నోరు దాటాక, అనకుండా ఉండాల్సింది అనుకున్నాను.

"సూదిగా ఉంటే కాకి యాడ కూర్చుంటాదమ్మా!" అని వెనకనుంచి చింతపండామె.

అక్క నవ్వలేదు. కాకి ఎగిరిపోయేదాకా చూసింది. తర్వాత తీరిగ్గా అంది: "తప్పు కాదులే. కట్టినప్పుడు ఇదీ సూదిగానే ఉండి ఉంటాది. ఎండకు వానకు మొన అరిగిపోయింది. మనం ప్రతి చీరకూ కొత్తగా తీస్తాం గదా, మనది అరగలేదు."

అది నిజమో కాదో నాకు తెలియదు. మొదటినుంచీ గుండ్రంగానే కట్టి ఉండవచ్చు. తెలిసినవాళ్లను అడగవచ్చు కూడా. ఎవరి లెక్క తప్పినా దిద్దే అలవాటున్న నేను, దీన్ని మాత్రం ఎవరినీ అడగలేదు. అక్క ఆ సాయంత్రం రైలెక్కేటప్పుడు కొత్త పెళ్లికూతురిలా ఉంది.

ఏడాది తిరిగింది. కాలం మా ఇద్దరి దగ్గరనుంచి తీసుకుపోయినవి ఇవి: తిరుగుప్రయాణంలో ఆటోలో మరిచిన నా గొడుగు. భాద్రపదం వానలకు ఆ రెండు కొమ్మల్లో ఒకటి. కార్తీకంలో అక్క ఎడమకన్ను, మాఘంలో కుడికన్ను.