డాక్టరమ్మ ముందు నా కవాతు

సరిహద్దులో శత్రువుక్కూడా చేతగాని పని నేను ఒక్క నిమిషంలో చేసుకున్నాను. నాకు రావాల్సిన పింఛనుకు నేనే అడ్డం పడినాను. నవ్వుకోండి, నేనేమీ అనుకోను.

మాది ఐరాల పక్కన పల్లె. మంచుకొండల్లో డ్యూటీ చేస్తా జారిపడితే నడుము దగ్గర నరం నలిగి, ఎడమకాలు మోకాటి కింద మొద్దుబారిపోయింది. పాదం తడిగుడ్డ మాదిరి వేలాడతాది. మిలిటరీవాళ్లు ఇంటికి పంపించేసి, వైకల్యం ఎంత శాతమో తేల్చడానికి డాక్టర్ల బోర్డు ముందుకు రమ్మన్నారు.

పూతలపట్టులో బస్సెక్కినప్పట్నించి నా పెండ్లాం ధనమ్మది ఒకటే పోరు.

"ఏమయ్యా, ఇంట్లో ఎట్ల నడుస్తావో ఆడా అట్లే నడువు. వీరుడి మాదిరి ఎగరొద్దు."

"నేనేమన్నా చిన్నబిడ్డనా?"

ఆస్పత్రిలో "హవల్దార్ మునిరత్నం!" అని కేక వినపడింది. అంతే, నాలో సిపాయి లేచినాడు. చేతికర్ర ధనమ్మకిచ్చి, ఛాతీ విరిచి లోపలికి కవాతు చేసినాను. వేలాడే పాదం నేలకు తగలకుండా మోకాలెత్తి నడిచే అలవాటు భలే కలిసొచ్చింది. టపీమని సెల్యూట్ కొట్టినాను.

డాక్టరమ్మ మన తెలుగామే. "కాలెట్లుంది?" అనింది.

"ఫస్ట్‌క్లాస్ మేడమ్!"

"నొప్పి?"

"లేదు మేడమ్!" నలిగిన నరం మంటకు రాత్రిళ్లు నిద్రపట్టనోడు చెప్పే మాటేనా అది?

"తిమ్మిరి?"

"అసలే లేదు మేడమ్!"

వాకిట్లో ధనమ్మ నెత్తి కొట్టుకోవడం వినపడతానే ఉండాది.

డాక్టరమ్మ కిందికి సూసింది. "మరి ఎడమకాలి చెప్పు ఏదయ్యా?"

"కాలికే ఉండాది మేడమ్!"

వంగి సూసుకుంటే కాలు బోడిగా ఉండాది! చెప్పు వాకిట్లోనే జారిపోయింది, నాకు తెలిస్తే కదా. ధనమ్మ దాన్ని పట్టుకోనొచ్చి, "ఈయన మాట నమ్మొద్దు మేడమ్, వేడినీళ్లు పడి బొబ్బలొచ్చినా తెలీలేదు" అనేసింది.

డాక్టరమ్మ నన్ను పడుకోబెట్టి కళ్లు మూసుకోమనింది. ఎంతసేపటికీ ఏమీ చేయదే!

"సూదితో గుచ్చేది ఎప్పుడు మేడమ్?"

"గుచ్చడం అయిపోయిందయ్యా."

శాతం బాగానే రాసినారు. తిరుగు బస్సులో ధనమ్మ నా కాలికి చెప్పు సరిచేస్తా అనింది: "కవాతు మాత్రం బాగుండిందిలే. ఆడున్నోళ్లంతా లేచి సూసినారు."

ఛాతీ మళ్లీ ఉబ్బింది. అయినా, నా యూనిఫాం మీద ఒట్టు, ఇంక ఏ డాక్టరు ముందరా కవాతు చేయను. తప్పదంటే మాత్రం బూట్లేసుకుని, లేసులు ధనమ్మతో గట్టిగా కట్టించుకున్నాకే.