అరుపులు చివర్న

మా అన్నయ్యను స్టూడియోలో అందరూ మూడో సైనికుడు అనేవాళ్లు. డబ్బింగ్‌కు వచ్చే ఏ యుద్ధం సినిమాలోనైనా మొదటి సైనికుడికి ఒక మాట ఉంటుంది, రెండోవాడికి ఇంకో మాట ఉంటుంది. మూడోవాడు "అదిగో, అటు చూడండి!" అని చచ్చిపోతాడు. ఆ చచ్చిపోయే గొంతు మా అన్నయ్యది. ఇరవై ఆరేళ్లు అలా చస్తూనే బతికాడు. మధ్యమధ్యలో వాచ్‌మన్లు, లారీ డ్రైవర్లు, కోర్టులో "నిశ్శబ్దం!" అనే బంట్రోతు, ఒకసారి మేక. మేకకు మంచి పేరొచ్చింది.

అంతకుముందు రైల్వే స్టేషన్‌లో మైకు ముందు కూర్చుని రైళ్ల రాకపోకలు చదివేవాడు. "ఆలస్యానికి చింతిస్తున్నాము" అన్న మాటను నిజంగానే చింతిస్తూ అనేవాడట. ఎవరికేమైందోనని ఒక పెద్దావిడ కిటికీ దగ్గరికొచ్చి మరీ అడిగిందట. ఆ ప్రకటనలు టేపుల్లోకి ఎక్కాక అతని ఉద్యోగం ఊడింది. గొంతు తప్ప ఇంకో ఆస్తి లేని మనిషి, దాన్నే నమ్ముకుని మా స్టూడియో మెట్లెక్కాడు.

నేను అతనికంటే ఎనిమిదేళ్లు చిన్నదాన్ని. అదే స్టూడియోలో డబ్బింగ్ మాటలు రాస్తాను. తెర మీద బొమ్మ పెదాలు ఎంతసేపు కదిలితే అంతసేపే మాట ఉండాలి, పెదాలు కలిసినచోట పెదాలు కలిసే అక్షరమే పడాలి. అదీ నా పని. నాకున్న రోగం ఒకటే. బొమ్మ వీపు తిప్పి నిలబడిందంటే నా చెయ్యి ఊరుకోదు, అక్కడో మాట కుక్కేస్తాను. వీపుకు పెదాలుండవు కదా, అడిగేదెవరు?

"నోరు మూసుకుని నుంచున్నవాడి చేత కూడా వాగిస్తావేంటే?" అనేవాడు అన్నయ్య.

"వాగించకపోతే నీకు పనెక్కడిది అన్నయ్యా?" అనేదాన్ని నేను.

వదిన పోయాక మా ఇంటి ముందుగది అతనిదైంది. ఇంట్లో మాత్రం చిన్న చప్పుడు కూడా సహించేవాడు కాదు. నేను టీవీ పెడితే చాలు, రిమోట్ కోసం చెయ్యి చాచేవాడు. "పొద్దంతా అరిచొచ్చాను తల్లీ, కాస్త తగ్గించు" అని తనే తగ్గించేసేవాడు. చివరికి పెదాలు కదలడం తప్ప నాకేమీ వినపడేది కాదు. పెదాలు చదవడం నాకు అలవాటే కాబట్టి సరిపోయింది.

యాభై రెండో ఏట అతనికి మొదటిసారి హీరో పాత్ర దొరికింది. అదొక అనిమే, అంటే జపాన్‌వాళ్ల బొమ్మల సిరీస్, ఇరవై నాలుగు ఎపిసోడ్లు. అసలు పేరు మాలో ఎవరికీ నోరు తిరగక నీడల సిరీస్ అనుకునేవాళ్లం. ఒక గాలివాన ఓ చిన్నపిల్ల నీడను ఎత్తుకుపోతుంది. నీడ పోయిన మనిషిని లోకం మర్చిపోతుంది. కన్న తల్లీ తండ్రీ కూడా మర్చిపోతారు. ఒక్క అన్న మాత్రం మర్చిపోడు. ఆ నీడను వెనక్కి తేవడానికి చెల్లెల్ని వెంటేసుకుని బయల్దేరతాడు.

ఆ అన్న పాత్రకు అనుకున్న ఆర్టిస్టు ఆఖరి నిమిషంలో రానన్నాడు. వరండాలో నాతో కీచులాడుతున్న మా అన్నయ్య గొంతు సూపర్‌వైజర్ మేడమ్ చెవిన పడింది. ఆ మధ్యే అతని గొంతులో కొత్తగా ఒక గరుకు వచ్చింది. "ఈ గరుకే కావాలి నాకు. ఈ పాత్రకు ఇదే ప్రాణం" అందావిడ. మేం పొంగిపోయాం. ఆ గరుకు ఎక్కణ్నుంచి వచ్చిందని ఎవరూ అడగలేదు. ఆవిడంటే పరాయి మనిషి. ఒకే ఇంట్లో ఉండి, రోజూ వింటూ, బాగుందనుకున్నదాన్ని నేను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఐదు నెలలపాటు రోజూ మధ్యాహ్నం క్యారేజీలు విప్పుకుని ఆ సిరీస్ మీద పోట్లాడుకున్నాం. దాని బలమేమిటంటే నేను తడుముకోకుండా చెప్తాను. అందులో అన్నాచెల్లెళ్లు ఒకరినొకరు ప్రేమిస్తున్నామని ఒక్కసారీ అనరు. చివరి రొట్టెముక్క కోసం జుట్లు పట్టుకుంటారు. బస చేసిన ప్రతి సత్రంలోనూ పొద్దునకల్లా ఆ పిల్లను అందరూ మర్చిపోతారు. ప్రతి పొద్దునా అన్న విసుక్కోకుండా "ఇది మా చెల్లి" అని మళ్లీ మొదటినుంచి పరిచయం చేస్తాడు. ఆ మాట నేను పదిహేడుసార్లు రాశాను. అన్నయ్య దాన్ని పదిహేడు రకాలుగా అన్నాడు. ఒకసారి గర్వంగా, ఒకసారి నిద్రమత్తులో, ఒకసారి కొట్టడానికి వచ్చినవాడిలా. అన్నిటికంటే గొప్ప సంగతి, మాటల్లేని చోట్లు. ఆ బొమ్మలు గీసినవాళ్లకు ఊరుకోవడం తెలుసు.

లోపాలంటారా, కావలసినన్ని. తొమ్మిదో ఎపిసోడ్‌లో కత్తులు బయటికొస్తాయి, ఇక లోపలికి పోవు. ప్రతి దుర్మార్గుడూ చచ్చేముందు తన చిన్నప్పటి కష్టాలు ఏకరువు పెడతాడు. పొట్టలో కత్తి దిగినవాడికి అంత ఊపిరెక్కడిది? వాగుడుకాయలాంటి ఆ పిల్లను పదమూడో ఎపిసోడ్‌లో మాయనిద్రలో ముంచి, బుట్టలో పెట్టి, పది ఎపిసోడ్లు అన్న వీపున మోయిస్తారు. కథ రాసినవాడికి చెల్లెలు లేదు, ఉంటే వీపు విమానం మోత మోగించి ఉండేది. ఇక అరుపులు. కొండ ఎక్కినా అరుపే, దిగినా అరుపే.

"ఆ అరుపులన్నీ కోసి పారేస్తే ఎంత మంచి సిరీస్ అవుతుందో" అన్నాను ఒకరోజు.

"అరవనీవే పాపం. చెప్పుకోవడం చేతకానివాడు అరవక ఏం చేస్తాడు?" అన్నాడు అన్నయ్య. ఆ మాటంటున్నప్పుడే దగ్గాడు. రుమాలు చూసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఒక శనివారం డాక్టరు ముందు కూర్చున్నాం. ఆయన కాగితం మీద గొంతు బొమ్మ గీసి, మధ్యలో ఒక చుక్క పెట్టి, దాని చుట్టూ సున్నా చుట్టాడు. గడ్డ ముదిరింది, స్వరపేటిక మొత్తం తీసేయాలి, గురువారం ఆపరేషన్. ప్రాణానికి ఫరవాలేదు.

"మాట?" అన్నాడు అన్నయ్య.

"మాట రాదండీ" అన్నాడు డాక్టరు.

అప్పటికి ఇరవై మూడో ఎపిసోడ్‌లో మాటలు అయిపోయి అరుపులు మిగిలాయి. ఇరవై నాలుగోది మొత్తం మిగిలింది. చేతిలో సోమ, మంగళ, బుధ. సూపర్‌వైజర్ మేడమ్ చెడ్డమనిషి కాదు, కళ్లనీళ్లు పెట్టుకుంది, కానీ సిరీస్ మాకు ఇచ్చిన కంపెనీ షరతు కంపెనీదే. ఒక పాత్రకు రెండు గొంతులు కుదరవు. అన్నయ్య పూర్తి చేయలేకపోతే ఇంకొకరిచేత మొదటి ఎపిసోడ్ నుంచీ మళ్లీ చెప్పిస్తారు. అన్నయ్య చెప్పినవన్నీ చెరిపేస్తారు.

"ఏం పరవాలేదు అన్నయ్యా, సిరీస్ పోతే పోనీ, ముందు నీ ఆరోగ్యం" అన్నాను ఇంటికొచ్చాక. అతను నా వంక చూసిన చూపుకు నాకు సిగ్గేసింది.

"ఇరవై ఆరేళ్ల నా గొంతు ఎక్కడుందే? అటు చూడండి, ఇటు చూడండి, మే మే. ఒక మనిషి కూర్చుని మాట్లాడినట్టు నేను మాట్లాడింది ఇదొక్కటే. రేపు నా మాటెలా ఉండేదో నీకే గుర్తురాకపోతే ఎక్కడ వెతుక్కుంటావ్?"

మా స్టూడియోలో పెద్దలు పెట్టిన నియమం ఒకటుంది. మాటలు ముందు, అరుపులు చివర్న. అరిచాక గొంతు ఎవరికీ మాట వినదు. డబ్బింగ్‌లో పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి. ఆ నియమం నేను తప్పించాను. ఉన్న గొంతు రోజురోజుకూ తగ్గేదే గానీ పెరిగేది కాదు, మాటలైతే మెల్లగా చెప్పినా నెట్టుకురావచ్చు, అరుపు మెల్లగా అరవలేం కదా అని లెక్కేశాను. అందుకే సోమవారం రెండు ఎపిసోడ్ల అరుపులూ ముందు పెట్టించాను.

"తలకిందులు చేస్తున్నావే" అన్నాడు అన్నయ్య.

"నేను చెప్పినట్టు విను ఒక్కసారి" అన్నాను.

విన్నాడు. అరవై మూడు అరుపులు. కత్తి దిగిన అరుపు, కొండ మీద నుంచి పడే అరుపు, చెల్లెలి బుట్ట నదిలో కొట్టుకుపోతుంటే అరిచే అరుపు. ఆ చివరిది పొడుగు చాలలేదు, బొమ్మ నోరు ఇంకా తెరిచే ఉంది. అద్దం ఇవతల నా పక్కనున్న ఇంజనీరు "పోనీలెండి, సర్దేస్తాను" అన్నాడు. నేనే మైకు నొక్కి, "ఇంకొక్కటి, అన్నయ్యా" అన్నాను. అతను మంచినీళ్లు గుక్కెడు తాగి, కాళ్లు ఎడంగా పెట్టి, మళ్లీ అరిచాడు. సరిగ్గా సరిపోయింది. నేను చప్పట్లు కొట్టాను.

మంగళవారం పొద్దున ముందుగది గుమ్మంలో నిలబడి అన్నయ్య నన్ను పిలిచాడు. పెదాలు కదిలాయి. గాలి వచ్చింది. అంతే.

గురువారం వరకూ ఉండాల్సిన గొంతును సోమవారమే తగలేశాను. చేజేతులా నేనే, ఇంకెవరో కాదు. గోడకు తల బాదుకుంటే అతను వచ్చి అడ్డంగా చెయ్యి పెట్టాడు. ఆ తర్వాత నా బల్ల మీదున్న ఇరవై నాలుగో ఎపిసోడ్ కాగితాలు తెచ్చి నా ఒళ్లో వేసి, పెన్ను చేతికిచ్చాడు.

ఆ రెండు రోజులు నేను రాయలేదు, కొట్టేశాను. నూటపన్నెండు మాటల్లో వీపు మీద కుక్కినవన్నీ తీసేశాను. దూరంగా ఉన్నవాడి మాటలు తీసేశాను. పెదాలు కనిపించే చోట తప్పదు కాబట్టి పొట్టివి పెట్టాను. ముప్ఫై ఒకటి మిగిలాయి. అన్నయ్య మైకుకు ముక్కు తగిలేంత దగ్గరగా నిలబడి, ఉన్న గాలితో ఒక్కొక్కటే చెప్పాడు. ఒక్కో మాటకు పది టేకులు. చివరి సీన్‌లో నీడ దొరికిన చెల్లెలు నిద్రలేచి "నన్ను మర్చిపోలేదా?" అంటుంది. అన్న అటు తిరిగి నిలబడతాడు, పదకొండు సెకన్లు. అక్కడ నేనెప్పుడో ఒక మాట రాసి పెట్టుకున్నాను, "నిన్ను మర్చిపోతే నేనెవణ్నే?" అని. అన్నయ్య దాని మీద వేలు పెట్టి తల అడ్డంగా ఊపాడు. కొట్టేశాను. బుధవారం సాయంత్రం పూర్తయింది. ఇంజనీరు హెడ్‌ఫోన్ తీసి, మొహం తుడుచుకుని, "గురువుగారూ, మొత్తం సిరీస్‌లో ఇదే బాగుంది" అన్నాడు. నేనూ ఒట్టేసి చెప్తున్నాను, అదే బాగుంది.

మర్నాడు ఆపరేషన్ గది బయట నర్సు నన్ను ఆపి, "మీరెవరండీ?" అంది. స్ట్రెచర్ మీదున్న అన్నయ్య తలెత్తి నాకోసం ఆఖరి గాలి ఖర్చుపెట్టాడు. "ఇది మా చెల్లి." పద్ధెనిమిదోసారి. నర్సుకు వినపడలేదు.

మూడు వారాలకు కంపెనీ కబురొచ్చింది. చివరి ఎపిసోడ్ అంతా గుసగుసలుగా ఉంది, పనికిరాదు, మొదటినుంచి వేరే గొంతుతో చెప్పించండి. కాళ్లావేళ్లా పడ్డాను. అరిచాను. ఏం లాభం? అన్నయ్య బదులు ఒక కుర్రాణ్ని తెచ్చారు, మాటలు తెలిసినదాన్ని కాబట్టి అతని పక్కన కూర్చోక తప్పలేదు. మంచి ఆర్టిస్టు, నా మొహం చూడలేక ప్రతిసారీ సారీ చెప్పేవాడు. పదిహేడుసార్లు "ఇది మా చెల్లి" అన్నాడు. పదిహేడూ ఒకేలా ఉన్నాయి. పదకొండు సెకన్ల దగ్గర సూపర్‌వైజర్ మేడమ్ తలదించుకుని, "ఇక్కడేదో ఒక మాట కావాలంటున్నారు" అంది. కొట్టేసిన మాట మళ్లీ రాసిచ్చాను.

అరుపుల దగ్గరికొచ్చేసరికి ఆ కుర్రాడు చేతులు జోడించాడు. ఇంకో సీరియల్ చేతిలో ఉందట, గొంతు పాడుచేసుకోలేడట. ఇంజనీరు కంప్యూటర్ వైపే చూస్తూ నెమ్మదిగా అన్నాడు, "అరుపులు ఎవరివైనా ఒకటే మేడమ్. పాతవి ఉన్నాయి కదా, అవే ఉంచేద్దాం." ఎవరూ కాదనలేదు.

సిరీస్ వచ్చిన రోజున అన్నయ్య, నేనూ ముందుగదిలో కూర్చుని చూశాం. అతని మెడ మీద గుడ్డ, ఒళ్లో పలక. పేర్లలో ఆ కుర్రాడి పేరు పడింది. మాటలన్నీ మెత్తగా, శుభ్రంగా, ఎవడివో. ఎనిమిది ఎపిసోడ్ల పాటు అన్నయ్య పలక ముట్టుకోలేదు. నేను సోఫా అంచు గీరుతూ కూర్చున్నాను. తొమ్మిదోదాంట్లో కత్తి బయటికొచ్చింది, మా అన్నయ్య అరిచాడు.

వారంలో ఇరవై మూడో ఎపిసోడ్ దాకా వచ్చాం. చెల్లెలి బుట్ట నదిలో పడింది. అన్న ఒడ్డు మీద పరుగెత్తుతున్నాడు. ఏం రాబోతుందో నాకు తెలుసు. పొడుగు చాలలేదని నేను రెండోసారి అరిపించిన అరుపు. వినలేక, తగ్గిద్దామని రిమోట్ అందుకున్నాను.

అన్నయ్య నా చేతి మీద ఒక్కటి వేశాడు. పలక మీద గబగబా రాసి నా మొహం ముందు పెట్టాడు.

"పెంచు."

పెంచాను.